వాళ్లు ఫోన్ ఎందుకు ఎత్తరు?

(హైదరాబాద్‌లో నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో బస్తీలు, ఊళ్లు తిరిగి అభ్యర్థుల్ని చేర్పించే మొబిలైజర్లు, కౌన్సెలర్లు, ట్రైనర్లు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు జరిగిన ఒకరోజు శిక్షణలో ఉదయం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, నేనే అటు వచ్చి మాట్లాడతాను.

పొద్దున లోపలికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చాం కదా. మీ దగ్గరికొచ్చే అభ్యర్థులతో మీకు బాగా విసుగు తెప్పించే విషయం ఒక్కటి రాయమన్నాం. పేరు రాయొద్దన్నాం కాబట్టి అందరూ నిజాలే రాశారు. కొన్ని చదువుతాను. "ఫోన్ ఎత్తరు." ఇది చాలామంది రాశారు. "జాయిన్ అయిన మూడో రోజు మానేస్తారు." "ఇక్కడ ప్రాక్టీసులో బాగానే మాట్లాడతారు, అసలు ఇంటర్వ్యూలో నోరు పెగలదు." "చిన్న మాటంటే గొడవకొస్తారు." "పోయిన వారం ఒక డేటు చెప్తారు, ఈ వారం ఇంకో డేటు. అన్నీ అబద్ధాలు." ఇంకొకరెవరో ఒక్క ముక్కలో తేల్చేశారు: "సీరియస్‌నెస్ లేదు."

ఇవన్నీ జరుగుతున్నవే, నేను కాదనను. కానీ ఈ చీటీల్లో రెండు రకాల మాటలున్నాయి, గమనించారా? ఫోన్ ఎత్తలేదు. ఇది జరిగింది. సీరియస్‌నెస్ లేదు. ఇది మనం ఊహించుకున్నాం. ఈ రెండింటి మధ్య ఒక ప్రశ్న ఉండాలి కదా, ఎందుకు ఎత్తలేదు అని? ఆ ప్రశ్న వేసుకునే తీరిక మనకి ఉండదు. సాయంత్రానికి ఎక్సెల్ షీట్ నింపాలి. షీట్‌లో కాలమ్ పేరే "నాట్ ఇంట్రెస్టెడ్". టిక్ పెట్టేస్తాం, ఇంకో పేరుకి వెళ్లిపోతాం.

సరే, ఫోన్‌తోనే మొదలుపెడదాం. 2020 చివర్లో మన హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కేసులు బయటపడ్డాయి, గుర్తుందా? లాక్‌డౌన్‌లో పని పోయినవాళ్లు ఐదు వేలో పది వేలో యాప్‌లో తీసుకున్నారు. వారం తిరక్కుండానే కట్టమన్నారు. కట్టలేకపోతే ఫోన్లు. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. కాంటాక్టుల్లో ఉన్న మేనమామకి, పాత ఓనరుకి, చిన్నప్పటి టీచరుకి, అందరికీ ఫోన్లు. మార్ఫింగ్ చేసిన ఫొటోలు. కొందరు ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కేసులు పెట్టారు, కాల్ సెంటర్లలో సోదాలు చేశారు. 2022లో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు మార్గదర్శకాలు ఇచ్చింది. అంతా బాగానే ఉంది. కానీ ఆ మనిషికి ఫోన్ మోగితే గుండె దడ రావడం ఆగిందా?

ఇప్పుడు మీరేం చేస్తారు? ఆ అబ్బాయికి తెలియని నంబరు నుంచి వరసగా నాలుగుసార్లు చేస్తారు. ఎత్తకపోతే పక్క సీటు వాళ్ల ఫోన్ తీసుకుని చేస్తారు. అప్పటికీ ఎత్తకపోతే ఫారంలో రాసిన వాళ్ల అన్నకి చేసి "మీ తమ్ముడు ఎక్కడ?" అంటారు. మీ ఉద్దేశం మంచిదే, ఉద్యోగం చూపిద్దామనే. కానీ అవతలి చెవికి అది ఎవరి పద్ధతిలా వినపడుతుందో ఒక్క క్షణం ఆలోచించండి.

ఆ అబ్బాయికి నిజంగా అప్పుందా లేదా? మీకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. నేను ఈ పూట చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి మళ్లీ అంటున్నాను, తెలియాల్సిన అవసరం లేదు. ముందు ఒక మెసేజ్ పెట్టండి. "నేను ఫలానా సెంటర్ నుంచి ఫలానా. ఉప్పల్ కంపెనీ ఇంటర్వ్యూ గురించి. సాయంత్రం నాలుగింటికి ఈ నంబరు నుంచే చేస్తాను. వేరే టైమ్ వీలైతే చెప్పండి." పెట్టి, సరిగ్గా నాలుగింటికి, అదే నంబరు నుంచి, ఒక్కసారి చెయ్యండి. అప్పున్నవాడికీ లేనివాడికీ అందరికీ ఇదే పద్ధతి. దీనికి బడ్జెట్ అడగాలా? హెడ్డాఫీసు పర్మిషన్ కావాలా?

కొంచెం శాస్త్రం చెప్పుకుందాం, ఎక్కువ కాదు, నిద్రొచ్చేంత కాదు. మనిషికి భరించలేని కష్టం ఎదురైనప్పుడు, దెబ్బలు, అత్యాచారం, యుద్ధం, కళ్ల ముందు చావు, ఏళ్ల తరబడి ఇంట్లో హింస, ఆ ప్రభావం కష్టం అయిపోయాక కూడా ఒంట్లో, మెదడులో ఉండిపోవచ్చు. దీన్నే ట్రామా అంటున్నాం. మన మెదడులో అమిగ్డలా అని చిన్న భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టడంలో దానిది ముఖ్యమైన పాత్ర. నుదుటి వెనక ఉండే భాగం ఆలోచించడం, మాటలు కూర్చుకోవడం, ముందువెనకలు చూసుకోవడం చూస్తుంది. ప్రమాదం అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి, గుండె వేగం పెరుగుతుంది, నుదుటి వెనక భాగం పనితీరు తగ్గుతుంది. అప్పుడు మనిషి తిరగబడతాడు, లేదా పారిపోతాడు, లేదా బిగుసుకుపోతాడు. ట్రామా అనుభవించినవాళ్లలో ఇదంతా అసలు ప్రమాదం లేనప్పుడు కూడా, దాన్ని గుర్తుచేసే చిన్న విషయానికే మొదలుకావచ్చు.

ఇప్పుడు ఆ చీటీలు మళ్లీ చూడండి. గొడవకొస్తారు. మూడో రోజు మానేస్తారు. నోరు పెగలదు. తిరగబడటం, పారిపోవడం, బిగుసుకుపోవడం. మూడూ ఉన్నాయి కదా?

డేట్ల సంగతి కూడా అంతే. భయంలో గడిచిన రోజులు చాలామందికి వరసగా గుర్తుండవు. ఏదో ఒక వాసన, ఒక గొంతు స్పష్టంగా గుర్తుంటాయి, ఏ నెలో గుర్తుండదు. అలాంటి మనిషిని "2019 నుంచి 2021 దాకా ఏం చేశారు, నెలవారీగా చెప్పండి" అంటే రెండుసార్లు రెండు రకాలుగా చెప్తారు. మనం దాన్ని అబద్ధం ఖాతాలో వేస్తాం. అబద్ధం చెప్పేవాళ్లు లేరని కాదు, ఉంటారు. కానీ డేట్లు తప్పడం ఒక్కటే దానికి రుజువు కాదు.

ఇది ఎంతమందికి ఉంటుంది అని అడగొచ్చు. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు బాల్యంలో ఎదురైన చేదు అనుభవాల మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. అంతా కలిపి 17,000 మందికి పైగా పాల్గొన్నారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక్కటైనా ఉందన్నారు. సంఖ్య కన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది ఏంటంటే, వాళ్లెవరూ బస్తీల్లో దొరికినవాళ్లు కాదు. శాన్ డియేగోలో ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు, ఎక్కువమంది కాలేజీ మెట్లెక్కినవాళ్లు. అక్కడే అలా ఉంటే మన సెంటర్ బెంచీల మీద ఎలా ఉంటుంది? మన దగ్గరే చూడండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పారు. అది నోరు తెరిచి సర్వే మనిషికి చెప్పినవాళ్ల లెక్క.

మన బెంచీల మీద ఎవరుంటారు? మీకే బాగా తెలుసు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కి పోయి తిరిగొచ్చినవాళ్లు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు చెబితే వెళ్లి కంబోడియాలో, మయన్మార్‌లో సైబర్ మోసాల ముఠాల దగ్గర ఇరుక్కుని, బయటపడి వచ్చిన పిల్లలు. ఇటుక బట్టీల్లో పెరిగినవాళ్లు. హింస ఎదుర్కొన్నవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం నుంచి పంపిన ఆడవాళ్లు. నాన్న పొలం అప్పుతో చనిపోతే డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు. అమీర్‌పేటలో దొంగ కన్సల్టెన్సీకి లక్ష కట్టి, బ్యాక్‌డోర్ ఉద్యోగమని నమ్మి మోసపోయినవాళ్లు. ఈ ఆఖరివాళ్లకి ట్రామా అనే పెద్ద మాట అవసరమో కాదో నేను చెప్పలేను గానీ, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అనే మనిషిని నమ్మడం వాళ్లకి కష్టమని మాత్రం చెప్పగలను.

కథ అడగకండి

ఇదంతా విన్నాక మీలో మంచి మనసున్నవాళ్లకి ఏమనిపిస్తుంది? "అయితే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, ఏం జరిగిందమ్మా అని అడగాలి." వద్దు. దయచేసి వద్దు. మనం సైకాలజిస్టులం కాదు. గాయాన్ని కదిపి, కట్టు కట్టడం రాకుండా, "సరే అమ్మా, పన్నెండింటికి కంప్యూటర్ క్లాసుంది వెళ్లు" అని పంపించేస్తే అంతకన్నా అన్యాయం ఉంటుందా?

2001లో హారిస్, ఫాలట్ అనే ఇద్దరు ఈ తేడా బాగా వివరించారు. ట్రామాకి చికిత్స చేయడం ఒక పని. ట్రామా ఉండొచ్చని గుర్తుపెట్టుకుని మన సేవల తీరు మార్చుకోవడం ఇంకో పని. మొదటిది డాక్టర్లది, రెండోది మనది. 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా దీన్నే ఒక చట్రంలో పెట్టింది. ఇది ఎంత విస్తృతమో తెలుసుకోవడం, లక్షణాలు గుర్తుపట్టడం, దానికి తగ్గట్టు మన పద్ధతులు మార్చడం, మన వల్ల మళ్లీ గాయం కాకుండా చూడడం. హ్యాండవుట్‌లో ఉంది, పరీక్ష ఏమీ లేదు, బట్టీ పట్టకండి. నాలుగోది ఒక్కటి గుర్తుంటే చాలు, మన వల్ల మళ్లీ గాయం కాకూడదు.

పెళ్లి భోజనాల్లో "మీలో కడుపులో పుండు ఎవరికుంది" అని అడిగి వడ్డిస్తామా? పప్పు కమ్మగా చేస్తాం, కారం, పచ్చడి పక్కన పెడతాం. కావలసినవాళ్లు వేసుకుంటారు. మనం చేయాల్సింది అంతే.

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తున్నా, మన ఆఫీసులో కారం ఎక్కడెక్కడుందో చూద్దాం. నేను చెప్పే ఉదాహరణల్లో వివరాలు మార్చేశాను, ఎవరైనా గుర్తొస్తే అది యాదృచ్ఛికం.

మొదటిది, ఒరిజినల్ సర్టిఫికెట్లు. చేరిన రోజే "ఒరిజినల్స్ ఇచ్చేయండి, కోర్సు అయ్యాక ఇస్తాం" అనే సెంటర్లు ఉన్నాయా లేవా? మధ్యలో మానేయకుండా ఉంటారని అలా పెట్టుకుంటారు. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి గల్ఫ్‌లో రెండేళ్లు ఉండి వచ్చాడనుకోండి. దిగిన రోజే కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్టు లాక్కున్నాడు. జీతం ఇవ్వకపోయినా, జబ్బు చేసినా, ఇంట్లో అమ్మ పోయినా కదల్లేకపోయాడు. ఆ మనిషి టెన్త్ మెమో మీరు బీరువాలో పెట్టి తాళం వేస్తే, తాళం చప్పుడు మీకొకలా, ఆయనకొకలా వినపడుతుంది. మర్నాటి నుంచి రాడు. మీరు "నాట్ ఇంట్రెస్టెడ్" టిక్ పెడతారు. ఒరిజినల్ చూడండి, ఆయన ముందే జిరాక్స్‌తో పోల్చండి, ఆయన చేతికే తిరిగివ్వండి. "ఇది మీదే, మీ దగ్గరే ఉండాలి" అని నోటితో చెప్పండి కూడా. అసలు ఒకరి సర్టిఫికెట్లు తాకట్టులా పెట్టుకోవడం ట్రామా సంగతి పక్కన పెట్టినా సరైన పని కాదు, అది వేరే గొడవ.

రెండోది ఎన్‌రోల్‌మెంట్ ఫారం. "తండ్రి లేదా భర్త పేరు." "భర్త ఫోన్ నంబరు." "ఎమర్జెన్సీ కాంటాక్ట్." ఒకావిడ భర్త కొట్టే దెబ్బలు పడలేక పిల్లల్ని తీసుకుని ఎల్బీనగర్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మన ఫారంలో ఖాళీ వదలకూడదని మన కుర్రాడు గట్టిగా అడిగాడు. ఆవిడ రాసింది. రెండు రోజులు క్లాసుకి రాకపోతే మన సిస్టమ్ నుంచి ఆ నంబరుకి మెసేజ్ వెళ్లింది, "మీ భార్య ఫలానా సెంటర్‌కి హాజరు కాలేదు" అని. సెంటర్ అడ్రస్‌తో సహా! ఎవరికి ఎవరి ఆచూకీ ఇచ్చాం మనం?

కాబట్టి ప్రతి కాలమ్ దగ్గరా ఆగి అడుగుదాం, ఇది నిజంగా కావాలా? అభ్యర్థుల వివరాలు ఎక్కించే పోర్టల్ అడిగేది కాబట్టి తప్పదంటే, ఎందుకడుగుతున్నామో చెప్పండి. ఏ నంబరుకి మెసేజ్ పెట్టొచ్చు, ఆ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా, ఎమర్జెన్సీలో ఎవరికి చెప్పమంటారు, వాళ్లకి ఏం చెప్పకూడదు, ఇవి ఆవిడనే అడగండి. ఈ ప్రశ్నలు మగవాళ్లకీ అడగండి, అందరికీ అడగండి. అప్పుడు ఆవిడ ఒక్కతే వేరుగా కనపడదు.

మూడోది కుర్చీ. నవ్వకండి మేడమ్, నిజంగానే కుర్చీ. చాలా సెంటర్లలో కౌన్సెలింగ్ గది అంటే స్టోర్ రూమే. అభ్యర్థి వీపు తలుపు వైపు, వెనక మనుషులు తిరుగుతుంటారు, లేదంటే అభ్యర్థికి, తలుపుకి మధ్యలో మనం కూర్చుంటాం. బయటికి దారి కనపడే చోట వాళ్లని కూర్చోబెట్టండి. తలుపు వేయాలా తీయాలా అని అడగండి. మొదట్లోనే చెప్పండి, "ఇది ఇరవై నిమిషాలు పడుతుంది. మీ చదువు, మీకు కావలసిన పని గురించి అడుగుతాను. ఏదైనా చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేద్దాం అనండి, నేను కారణం అడగను." ముందు ఏం జరగబోతోందో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. మనకైనా అంతే కదా, డెంటిస్టు దగ్గర.

ఇంటర్వ్యూ ప్రాక్టీసు కూడా అలాగే. మొదటిరోజే ముగ్గురం ఎదురుగా కూర్చుని, గొంతు పెంచి, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే బిగుసుకుపోయేవాళ్లు బిగుసుకుపోతారు. ప్రశ్నలు ముందే కాగితం మీద ఇవ్వండి. పక్కన కూర్చుని ఒక్కరితో మొదలుపెట్టండి. తర్వాత ఎదురుగా. తర్వాత ఇద్దరితో. అందరూ చూస్తుండగా తప్పులు ఎత్తి చూపడం మానేయండి.

గ్యాప్ ప్రశ్న ఒకటుంది, "ఈ రెండేళ్లు ఖాళీ ఎందుకుంది?" దీని దగ్గర మన పిల్లలు రెండు చివరలకి పోతారు. అయితే మొత్తం కథ చెప్పేసి ఏడ్చేస్తారు, లేకపోతే లేని ఉద్యోగం ఒకటి సృష్టించి దొరికిపోతారు. మధ్యలో దారి ఉంది. "కుటుంబ కారణాల వల్ల ఆ రెండేళ్లు పని చేయలేకపోయాను. ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. ఈ మూడు నెలలు టాలీ నేర్చుకున్నాను, ఈ పని చేయగలను." నిజమే చెప్పారు, అంతా చెప్పలేదు. ఈ మూడు ముక్కలు ఎవరికి వాళ్ల మాటల్లో కూర్చి ఇచ్చి, నోటికి వచ్చేదాకా చెప్పించండి.

మూడో రోజు

ఇప్పుడు మూడో రోజు మానేసేవాళ్ల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉంటాను, ఎందుకంటే మన టార్గెట్లు కూలేది ఇక్కడే. పల్లె యువతకి శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే డీడీయూ-జీకేవైలాంటి పథకాల్లో కనీసం 70 శాతం ప్లేస్‌మెంట్ చూపించాలి. చేరిస్తే సరిపోదు, నిలబడాలి.

మనం అభ్యర్థికి జీతం చెప్తాం, షిఫ్ట్ చెప్తాం, పీఎఫ్ చెప్తాం. గేటు దగ్గర ఏం జరుగుతుందో చెప్తామా? గోడౌన్లలో, పెద్ద షోరూముల్లో బయటికొచ్చే ప్రతిసారీ ఒళ్లు తడిమి చెక్ చేస్తారు. గతంలో లైంగిక హింస ఎదుర్కొన్న అమ్మాయికి రోజుకి నాలుగుసార్లు ఆ చెకింగ్ ఎలా ఉంటుంది? మూడో రోజు మానేస్తుంది. కారణం చెప్తుందా? "కాళ్లు నొప్పులు సార్" అంటుంది. మనం "కష్టపడే గుణం లేదు" అంటాం.

కంపెనీకి వెళ్లినప్పుడు మీరు హెచ్‌ఆర్‌తో మాట్లాడతారు కదా, ఈసారి ఒక అరగంట షాప్ ఫ్లోర్‌లో నిలబడి చూడండి. ఆడవాళ్లని చెక్ చేసేది ఆడవాళ్లేనా, తెర ఉందా? సూపర్‌వైజర్ అరుస్తాడా? భుజం మీద చెయ్యేసి మాట్లాడే రకమా? పదిమందికి మించి, కాదు కాదు, పది మంది ఉన్నా సరే, లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఉందా? రాత్రి షిఫ్టుకి క్యాబ్ ఎక్కడ దింపుతుంది? ఇవన్నీ రాసుకొచ్చి అభ్యర్థికి ముందే చెప్పండి. "అక్కడ చెకింగ్ ఇలా ఉంటుంది, చప్పుడు ఇంత ఉంటుంది. మీకు ఓకేనా? లేకపోతే ఇంకో చోట చూద్దాం." చెప్తే ఆ పనికి వద్దంటారేమో అని మీ భయం. వద్దంటే ఈ రోజే అంటారు, మూడో రోజు కాదు. కంపెనీ దగ్గర మీ మాట కూడా పోదు.

చేరాక మొదటి వారం ఫోన్ కూడా ముఖ్యం. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. "తిండి ఎక్కడ తింటున్నారు? ఎవరితో కూర్చుంటున్నారు? ఏ టైములో కష్టంగా ఉంటోంది?" అని అడగండి. అదే సెంటర్లో చదివి అక్కడ పనిచేస్తున్న పాత విద్యార్థి ఒకరు ఉంటే మన ఫోన్ కన్నా వాళ్లతో కలిసి తాగిన చాయ్ ఎక్కువ పనిచేస్తుంది.

ఒక్కమాట, అన్నిటికీ ట్రామా అని పేరు పెట్టకండి. ఈ మధ్య ఆ ఫ్యాషనూ మొదలైంది. పన్నెండు వేల జీతానికి ఆరు వేల హాస్టల్ అయితే మనిషి మానేస్తాడు. అది మనసు గాయం కాదు, కూడికలు తీసివేతలు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది, మంచిదే, కానీ రాత్రి పదకొండుకి చర్లపల్లిలో షిఫ్ట్ దిగితే బస్సేది? పిల్లాణ్ని ఎవరు చూస్తారు? ఇలాంటివాటికి కౌన్సెలింగ్ ఇవ్వడం అవమానించడమే. జీతం గురించి కంపెనీతో బేరమాడండి, దగ్గర్లో పని చూడండి. అలాగే ఎవరి ఫైలు మీదా "ట్రామా కేస్" అని రాయొద్దు. ఆ ఫైలు ఎంతమంది చేతులు మారుతుందో మనకు తెలుసు.

ఎవరో అడిగారు, అభ్యర్థి తనంతట తనే చెప్పేస్తే ఏం చేయాలి అని. మంచి ప్రశ్న. వినండి. మధ్యలో ఆపకండి, వివరాలు తవ్వకండి. "అయ్యో, నువ్వు అప్పుడే వచ్చేయాల్సింది" అనకండి. "సర్దుకుపోవాలి తల్లీ" అసలే అనకండి. "చెప్పినందుకు మంచి పని చేశారు. ఇందులో మీ తప్పు లేదు. ఇప్పుడు మీరున్న చోట క్షేమమేనా? దీని గురించి తెలిసినవాళ్లతో మాట్లాడతారా?" ఇంత చాలు. మాట్లాడతానంటే నంబరు చేతిలో పెట్టి పంపకండి, వాళ్లకిష్టమైతే మీరే పక్కన ఉండి కలపండి. మనసుకి సంబంధించి టెలీ మానస్ 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చులేదు. ఆడవాళ్లకి 181, సఖి కేంద్రాలు. ఉచిత న్యాయసహాయానికి 15100. ప్రాణాపాయమైతే 112. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే మనవాళ్లు భయపడతారు, వెటకారాలు చేస్తారు. మీరు మాత్రం మామూలు ఆసుపత్రి పేరు చెప్పినట్టే చెప్పండి.

ఒక హెచ్చరిక. "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాటివ్వకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకి చెప్పి తీరాలి. మన బ్యాచుల్లో పదిహేడేళ్ల పిల్లలూ ఉంటారు. అందుకే ఏది గోప్యంగా ఉంటుంది, ఏది ఉండదు అనేది మొదటిరోజే, ఎవరూ ఏమీ చెప్పకముందే, క్లాసులో అందరికీ చెప్పేయాలి.

ఇంకొకటి, నాకు నిజంగా కోపం తెప్పించేది. సక్సెస్ స్టోరీ. వార్షికోత్సవంలో ఒకమ్మాయిని స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, "నీ కష్టాలు చెప్పమ్మా" అంటాం. ఆ అమ్మాయి ఏడుస్తుంది. ముందు వరసలో దాతలు కళ్లు తుడుచుకుంటారు. ఫొటో, పేరు, ఊరు, పనిచేసే కంపెనీ, అన్నీ మన ఫేస్‌బుక్ పేజీలో. మర్నాడు ఆఫీసులో తోటివాళ్లు చూస్తారు. ఎవరి నుంచి పారిపోయి వచ్చిందో వాళ్లూ చూడొచ్చు. "సంతకం పెట్టింది సార్, కన్సెంట్ ఉంది" అంటారు. ఉద్యోగం ఇప్పించిన మనం అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి? అది నిజంగా ఒప్పుకున్నట్టేనా? మనకి దాతలు కావాలి, నాకూ తెలుసు. అయితే నేర్చుకున్న పని గురించి చెప్పించండి, పేరు మార్చండి, ఫొటో వద్దనుకుంటే ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదని ముందే చెప్పండి, తర్వాత మనసు మారితే తీసేయండి.

మధ్యలో కూర్చున్న సారు ఇందాకట్నుంచి తల అడ్డంగా ఊపుతున్నారు. అనండి సార్. ఆ... "ఇంత మెత్తగా ఉంటే కంపెనీలో ఎలా నిలబడతారు, అక్కడ ఎవరూ ఇలా చూడరు కదా." సార్ అన్నది నిజం, కంపెనీలో చూడరు. నేను రూల్స్ తీసేయమనడం లేదు. తొమ్మిదింటికి క్లాసంటే తొమ్మిదింటికే. కానీ ఆ రూలు సోమవారం ఒకలా, మీకు చిరాగ్గా ఉన్న గురువారం ఇంకోలా ఉండకూడదు. ఎప్పుడేమవుతుందో తెలియని ఇంట్లో పెరిగినవాళ్లకి రోజూ ఒకేలా ఉండే రూలు భయం కాదు, ఊరట. ఆలస్యమైతే ఏం జరుగుతుందో ముందే చెప్పండి, చెప్పిందే చేయండి. క్లాసు బయట నిలబెట్టి అందరి ముందు పరువు తీయడం మాత్రం రూలు కాదు. ఇరవై రెండేళ్ల మనిషిని అలా నిలబెడితే ఏం నేర్చుకుంటాడు? మెత్తదనం గురించి కాదు సార్, అభ్యర్థులు కంపెనీలో నిలబడటానికి ఇక్కడ నిలదొక్కుకోవాలి కదా.

ఇక మేనేజర్లకి రెండు మాటలు. కొందరు ఇక్కడే ఉన్నారు, మంచిది. సాయంత్రం ఆరింటికి జూమ్ రివ్యూలో నలభై మంది ముందు "మీ సెంటర్ ఎందుకు రెడ్‌లో ఉంది, సిగ్గు లేదా" అని మీరు ఒక మొబిలైజర్ని అంటారు. మర్నాడు పొద్దున ఆ మొబిలైజర్ బస్తీలో ఒక తల్లితో ఎలా మాట్లాడతాడు? మన సిబ్బందిలో చాలామంది అవే ఊళ్ల నుంచి, అవే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. రోజూ ఇలాంటి కథలు వింటే వినేవాళ్లకీ నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది, ఒక దశలో మొద్దుబారిపోతారు. దీన్ని సెకండరీ ట్రామా అంటారు, దీని మీద 1990ల నుంచి చాలా పరిశోధన ఉంది. వారానికి ఒక గంట, టార్గెట్ మాట ఎత్తకుండా, కష్టమైన కేసుల గురించి సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకునే టైమ్ ఇవ్వండి. అన్ని కష్టమైన కేసులూ "ఆ మేడమ్ బాగా మాట్లాడుతుంది" అని ఒకే మేడమ్ మీద వేయకండి. ఆవిడ ఏడాదిలో మానేస్తుంది.

సరే, చాయ్ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. మీ సెంటర్ ఎన్‌రోల్‌మెంట్ ఫారం ఒక కాపీ తెమ్మన్నాం కదా, తేనివాళ్లకి ఇక్కడ జిరాక్స్‌లు ఉన్నాయి. చాయ్ అయ్యాక నలుగురు నలుగురుగా కూర్చుందాం, దయచేసి ఒకే సెంటర్ వాళ్లు ఒకే టేబుల్ దగ్గర వద్దు. ఎర్ర పెన్ను తీసుకుని, తీసేయగలిగిన కాలమ్‌లు కొట్టేయండి. పోర్టల్ కోసం తప్పనివాటి పక్కన, అభ్యర్థికి ఎందుకు అడుగుతున్నామో ఒక్క వాక్యంలో రాయండి. "భర్త ఫోన్ నంబరు" దగ్గర నుంచి మొదలుపెట్టండి.